పంతొమ్మిది మందే తేలారు

గైడ్ మారిసోల్ పసుపు గొడుగు పైకెత్తి తలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై మందికి పంతొమ్మిది మందే తేలారు.

గిరిజ చెయ్యి దానంతట అదే పక్కకు వెళ్ళి గాలిని తడిమింది.

శాన్ హువాన్‌లో పాత కట్టడాలన్నీ ఒక్క రోజులో చూపించే టూర్ అది. పొద్దున చర్చి, తర్వాత గవర్నర్ బంగళా, ఇప్పుడీ సముద్రపు కోట. అమెరికాలో తాముండే ఫ్రిస్కో నుంచి ఇంత దూరం వచ్చింది కోటల మీద మోజుతో కాదు. పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు తీరి రెండేళ్ళయింది. దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. ప్యూర్టోరికో అయితే ద్వీపం చూసినట్టూ ఉంటుంది, అమెరికా దాటినట్టూ కాదని భర్త చైతన్య బుక్ చేశాడు.

"ఆద్య ఏదండీ?"

ఫిరంగి పక్కన సెల్ఫీ తీసుకుంటున్న చైతన్య తలెత్తాడు. "నీ దగ్గర లేదా?"

"నాన్నతో వెళ్తానని మీ వెనకే పరిగెత్తింది కదా."

"నా వెనక ఎవరొచ్చారు? నేనిక్కణ్ణుంచి కదల్లేదు."

ఐదేళ్ళ పిల్ల. గిరిజ గైడ్ వైపు ఒక అడుగు వేసేసరికి చైతన్య మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. పిల్ల తప్పిపోయిందంటే ముందు పోలీస్‌ని పిలుస్తారు, రిపోర్ట్ రాస్తారు. మన వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది గిరీ. నేను పైన చూస్తా, నువ్వు కింద చూడు. ఐదు నిమిషాల్లో దొరుకుతుంది."

పోలీసు మాట వినగానే గిరిజకు తమ అపార్ట్‌మెంట్‌లో ఉండే తన్వి గుర్తొచ్చింది. పాల క్యాన్ కోసం బాబును రెండు నిమిషాలు కారులో వదిలినందుకు, పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు వాళ్ళు మూడు నెలల పాటు ఆ ఇంటికి వచ్చిపోయారు. ఫ్రిజ్ తెరిచి చూశారట. బాబు ఒంటి మీద మచ్చలు వెతికారట. ఇంటర్ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకొచ్చిన తను వాళ్ళకు ఇంగ్లీషులో ఏం జవాబు చెప్పగలదు?

మారిసోల్ దగ్గరికొచ్చి, మీ పాప ఎక్కడ అని అడిగింది.

"బాత్రూమ్," అంది గిరిజ. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఇంతలో మారిసోల్ నడుముకున్న రేడియో గరగరలాడింది. ఎవరో స్పానిష్‌లో ఏదో అడిగారు. ఆమె గిరిజను చూసి చిన్నగా నవ్వి, రెండు ముక్కల్లో జవాబు చెప్పి కట్టేసింది.

గిరిజ ఏటవాలు దారిలో కిందికి పరిగెత్తింది. అక్కడ గోడలు ఎత్తుగానే ఉన్నాయి గాని, ఫిరంగుల కోసం వదిలిన సందుల్లోంచి పిల్ల దూరగలదు. ఒక్కో సందు దగ్గరా వంగి చూసింది. కింద రాళ్ళు, రాళ్ళ మీద తెల్లగా పగిలే నీళ్ళు. "ఆద్యా, అమ్మనే" అని పిలిస్తే ఆ పిలుపును గాలి తిరిగి ఆమె మొహానికే కొట్టింది. నీళ్ళలో ఎర్రగా ఏదో తేలింది. తేరిపార చూస్తే చిరిగిన గాలిపటం. ఆద్య వేసుకున్నది ఎరుపు కాదు, పసుపు. కాదు, నారింజ. పొద్దున తను తొడిగిన గౌను రంగే తనకు గుర్తు రావడం లేదు.

పోలీసుల భయం పోలేదు. అంతకన్నా పెద్దది వచ్చి దాని ముందు నిలబడింది, అంతే.

పైకొచ్చేసరికి చైతన్య ఎదురయ్యాడు. "పైన లేదు. ఇంకొక్క ఐదు నిమిషాలు..."

"మీ ఐదు నిమిషాలు మీరే ఉంచుకోండి."

నేరుగా మారిసోల్ దగ్గరికి వెళ్ళింది. వచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ పోగేసుకుని, పాప కనిపించడం లేదని, బాత్రూమ్ మాట అబద్ధమని చెప్పింది.

మారిసోల్ రేడియో అందుకుని గబగబా మాట్లాడింది. తర్వాత గిరిజ వైపు తిరిగింది. "నారింజ గౌను, రెండు జడలు?"

గిరిజ తలాడించింది.

"గేటు దగ్గరుంది. ఏ గుంపులోనైనా పాప తప్పిపోయిందా అని ఇందాక రేడియోలో వాళ్ళడిగింది తన గురించే. మీరు బాత్రూమ్ అన్నారు కదా, మా వాళ్ళంతా ఉన్నారని నేను చెప్పేశాను. ఎవరూ రాలేదని పోలీసును పిలిచారట."

గేటు గదిలో ఆద్య కుర్చీలో కూర్చుని కాళ్ళూపుతోంది. పక్కనే పోలీసు.

"అమ్మా, నేను కైట్స్ చూశా. నేమ్ అడిగారు, చెప్పలే. స్ట్రేంజర్స్‌కి చెప్పొద్దన్నావ్ కదా."

గిరిజ పిల్లను ఎత్తుకుని మెడలో మొహం దాచుకుంది. తలెత్తేసరికి బల్ల మీద ఒక కాగితం, దాని పక్కన పెన్ను ఉన్నాయి. పాప తల్లిదండ్రులెవరు, పావుగంట దాకా ఎవరికీ ఎందుకు చెప్పలేదు అని పోలీసు అడుగుతున్నాడు.

"యాక్చువల్లీ, మేము..." అని చైతన్య పెన్ను తీసుకున్నాడు. పెన్ను కదల్లేదు.

గిరిజ అది అందుకుంది. పేరు రాయమన్న చోట తన పేరు పెద్దక్షరాల్లో, ఒక్కొక్కటే రాసింది. కారణం అడిగిన చోట, భయమేసిందని రాసింది. అంత ఇంగ్లీషు ఆమెకు వచ్చు.

పోలీసు చదివి తలెత్తాడు. "దేనికి భయం?"

"మీరంటేనే," అంది గిరిజ, పిల్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుని.

అతను కాగితాన్ని తన వైపు తిప్పుకుని, ఆమె రాసినదాని కింద ఏదో రాయడం మొదలుపెట్టాడు.