తిరుమల్ మామ కట్టిన ఫ్లెక్సీ

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అనుపమకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందో లేదో, మేనమామ తిరుమల్ చిలకలగూడలో వాళ్ల గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టేశాడు. బోయిగూడలో ఆయనది ఫ్లెక్సీల దుకాణమే మరి, ఇంక ఆగుతాడా! నిలువెత్తు అనుపమ నవ్వుతోంది. కింద ఎర్రటి అక్షరాలు: ‘సీఎంఏ పూర్తిచేసి గవర్నమెంట్ కాంట్రాక్ట్ కాస్ట్ అనలిస్ట్‌గా ఎంపికైన మా మేనకోడలికి శుభాకాంక్షలు’.

ఎంపికా కాలేదు, సీఎంఏ పూర్తీ కాలేదు. ఆ కాస్ట్ అకౌంటెన్సీ కోర్సు ఫైనల్లో రెండు గ్రూపులుంటే గట్టెక్కింది ఒకటే. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల, ఇంట్లో ‘పాసైన’ అని చెప్పి, రెండోదాని సంగతి మాత్రం బాగానే నానబెట్టుకుంది. ఫ్లెక్సీ చూసిన రోజే తీయించాల్సింది. కానీ కిరాణా కొట్టాయన ‘మేడం’ అనేసరికి ఆ పిలుపు తియ్యగా తగిలింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఆఫీసులో సర్టిఫికెట్లు తిరగేసిన ఆఫీసరమ్మ, “ఫైనల్ పూర్తిగాకుండా ఎట్ల అప్లై చేసినవమ్మా?” అంది, అందరూ వింటుండగానే.

అనుపమ తలవంచుకుని గల్లీలోకి మళ్లితే, ఫ్లెక్సీ కిందే ఎదురింటి ఖమర్ బీ, ఆమె కూతురు రుఖియా నిలబడి ఉన్నారు. పక్కనే తిరుమల్ చాయ్ తాగుతున్నాడు.

“బేటా, మా పిల్ల సుత నీ లెక్క కావాల్నంటుంది. జెర చెప్పు,” అంది ఖమర్ బీ.

“గా నౌకరీల ఏం చేస్తరక్కా?” అని అడిగింది రుఖియా.

“గవర్నమెంటు పనికి గింత అయితదని కాంట్రాక్టర్ చెప్తడు గదా. నిజంగ అంత అయితదా, లేంది కలిపి చెప్తుండా అని పట్టుకునుడు.” అంటుంటేనే అనుపమ చెవులు వేడెక్కాయి.

“గది రావాలంటే?”

“మొదలు బీకామ్. టెండర్ రూల్స్ తెల్వాలె, ఎక్సెల్ రావాలె. మళ్ల సీఎంఏ ఫైనల్... రెండు గ్రూపులు.”

రుఖియా వేళ్లు మడుచుకుంటూ విని, తలెత్తి ఫ్లెక్సీ చూసింది. “అన్నీ చేసినవా అక్కా!”

అనుపమకు భూమి చీలితే బాగుండుననిపించింది. వీధంతటినీ నమ్మించినా, ఈ పిల్లను మోసం చేయబుద్ధి కాలేదు.

“లేదు రుఖియా. ఒక్క గ్రూపే అయింది. నౌకరీ రాలే.”

తిరుమల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తిట్టినా బాగుండేది. నిచ్చెన తెచ్చి, తాళ్లు కోసి, ఆమె ముఖం చూడకుండానే ఫ్లెక్సీ దించాడు.

“పడేస్తవా తమ్మీ? మా రేకులు కారుతున్నయ్, నాకియ్యి,” అంది ఖమర్ బీ మామూలుగా. తిరుమల్ అప్పుడు అనుపమ వైపు చూశాడు. ఆమె తలూపింది.

సాయంత్రం వాన పట్టుకుంది. మేడమీది కిటికీ దగ్గర అనుపమ రెండో గ్రూపు పుస్తకం తెరిచింది. ఎదురింటి రేకుల మీద ఆమె ముఖం, శుభాకాంక్షలతో సహా, నవ్వుతూ తడుస్తోంది. పుస్తకం మీద చూపు నిలవలేదు. కింద గుమ్మంలోంచి రుఖియా సంతోషంగా చెయ్యూపింది.

“అక్కా, నీ ఫ్లెక్సీ మస్తు పన్జేసింది! ఒక్క చుక్క సుత కారుతలేదు!”