ఉరుములు లేని శనివారం

అక్క పరదాలు కుడుతుంది. కుట్టినవి ఇళ్లకు తీసుకెళ్లి, నిచ్చెనెక్కి తగిలించేది కూడా తనే. ఊరికి ఉత్తరాన ఉన్న కొండ శిఖరం ఆ ఇళ్ల పై అంతస్తుల కిటికీల్లోంచి బాగా కనిపిస్తుంది. "ఆ కొండ కనిపిస్తుందని జనం ఏరికోరి ఇల్లు కొంటారు, నేను పోయి దానికి తెర కడతాను" అని నవ్వేది. ఎప్పటికైనా ఆ శిఖరం ఎక్కాలని ఆమె కోరిక. ఆ ఏడు ఆమె మోకాలు చూసిన డాక్టరు, వానాకాలం పోయాక ఆపరేషన్ తప్పదనీ, ఆ తర్వాత అంత ఎత్తు మీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాడు.

"అయితే ఈ ఏడే. నేనూ వస్తానక్కా" అంది చెల్లెలు. ఆమెను ఇంట్లో అందరూ చిట్టి అంటారు. పళ్ల డాక్టరమ్మ దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కాచెల్లెళ్లు పని పంచుకున్నారు. దారి, బూట్లు, సంచులు అక్కవి. రోజు ఎంచడం చిట్టిది.

అది చిన్న పని కాదు. శిఖరం కింద ఇరుకు లోయలో ఎండలు ముదిరేదాకా మంచు గడ్డకట్టి ఉంటుంది. వానలు మొదలయ్యాక రాళ్లు జారతాయి, పిడుగులు పడతాయి. ఈ రెంటికీ మధ్య దొరికేది కొద్ది వారాలు. అందులోనూ గాలి తగ్గిన రోజు కావాలి, ముందురోజు వాన పడి ఉండకూడదు. మధ్యాహ్నానికి మబ్బులు చేరేలోపు దిగిపోవాలి. చిట్టి ఇదంతా ఇష్టంగా నేర్చుకుంది. కొండ కింద బస నడిపే ఆవిడకు ఫోన్ చేసి మంచు ఎంత కరిగిందో కనుక్కునేది. పంటి నొప్పితో బుగ్గ పట్టుకుని కూర్చున్నవాళ్లకు కూడా గాలి ఎటు తిరిగిందో చెప్పేది. బావ ఆమెకు 'వానకబురు' అని పేరు పెట్టాడు.

కాళ్లు అలవాటు పడాలని ఒక ఆదివారం ఇద్దరూ ఊరి వెనక గుట్ట ఎక్కారు. పైన ఒకచోట రాతి గట్టు సన్నబడుతుంది, రెండు పక్కలా లోతైన పల్లం. అక్క కర్రలు పొడుచుకుంటూ దాటేసింది. చిట్టి నడుమ కూలబడి రాయిని రెండు చేతులా పట్టుకుంది. ఒళ్లంతా చెమట. కళ్లు మూసుకుంటే భూమి ఒరిగిపోతున్నట్టుంది.

"ఏమైందే?" అక్క కేక వేసింది.

"బూటు తాడు ఊడింది."

శిఖరం చేరాలంటే దాటాల్సిన గట్టు దీనికంటే ఎంతో పొడవని ఆమెకు తెలుసు. కానీ క్లినిక్‌లో అందరికీ చెప్పేసింది. ఏ శనివారమైనా తీసుకోమని డాక్టరమ్మ సెలవు ఇచ్చేసింది. అక్క ముఖంలో ఉన్న సంబరం చూస్తే భయమన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

లోయలో మంచు పోయిందని బస ఆవిడ చెప్పిన వారంలోనే శనివారం ఎండ కాస్తుంది, గాలి ఉండదు, మబ్బు ఉండదు అని వాతావరణ సూచన వచ్చింది. అంతకంటే మంచి రోజు అడిగినా దొరకదు. గురువారం అక్క ఫోన్ చేసింది.

"ఏమంటున్నారే శనివారానికి?"

చిట్టి ఫోన్‌లో సూర్యుడి బొమ్మ చూస్తూనే చెప్పింది. "ఉరుములంటున్నారక్కా. పొద్దున్నుంచే. వద్దులే."

 "సరే. నువ్వు చెప్పావంటే అంతే" అంది అక్క.

శనివారం తెల్లారేసరికి ఆకాశం కడిగిన పలకలా ఉంది. వీధి చివర శిఖరం ఎన్నడూ లేనంత దగ్గరగా, ఒక్కో రాయీ లెక్కపెట్టేంత స్పష్టంగా నిలబడి ఉంది. సెలవు వెనక్కి ఇచ్చేసి చిట్టి పనికి వెళ్లింది. డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుంటూ, "కొండ మీద ఉంటావనుకున్నానే" అంది.

"ఉరుములన్నారండీ."

డాక్టరమ్మ కిటికీ వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆమె మనసులో ఏమీ లేదు. కానీ గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, చిట్టి లేచి ఆ కిటికీ తెర లాగేసింది.

కాసేపటికి బావ ఫోన్. "వానకబురూ, నీ ఉరుములు దారి తప్పినట్టున్నాయి. అడ్రస్ సరిగ్గా ఇచ్చావా?"

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "దాన్నేమీ అనకండి. ఆకాశం దాని చేతిలో ఉందా? నా మోకాలి కోసం జాగ్రత్తపడింది పాపం."

చిట్టికి తల కొట్టేసినట్టయింది. సాయంత్రం అక్క ఇంటికి వెళ్లింది, చెప్పేద్దామనే. అక్క వంటింట్లో కొండకని కట్టుకున్న సంచి విప్పి, పల్లీ ఉండలు గిన్నెలోకి తీస్తోంది. "రా, తిను. వచ్చే వారం ఉందిగా" అంది. ఆ నవ్వు చూశాక చిట్టికి ముఖం చెల్లలేదు.

"వచ్చే వారం తప్పకుండా వెళ్దామక్కా" అని మాత్రం అంది.

తీరా వచ్చే వారం సూచన బాగాలేదు. వానలు ముందే వస్తున్నాయి, శనివారం మధ్యాహ్నం కాకముందే ఉరుములు పట్టొచ్చని ఉంది. అడుగుతున్నది వేరే ఎవరైనా అయితే చిట్టి ఇల్లు కదలొద్దనేది. కానీ చేసిన తప్పు దిద్దుకోవడానికి ఆమెకు ఇక రోజు మిగల్లేదు.

"ఫర్వాలేదక్కా. వెళ్లొచ్చు" అంది.

ముందురోజే బస్సులో బసకు చేరారు. ఆవిడ ఇంట్లో లేదు, ఆమె కూతురు గది తాళం ఇచ్చింది. తెల్లవారుతుండగా బయల్దేరారు. అక్క మోకాలికి పట్టీ బిగించుకుని, రెండు కర్రలతో, మెట్టు మెట్టుకూ ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. ఒక్కసారైనా అబ్బా అనలేదు. లోయ దాటి, గట్టు మొదలయ్యే చోటికి వచ్చేసరికి పడమటి నుంచి మబ్బు కొండను పాకుతూ వస్తోంది. గాలి చల్లబడింది. దూరంగా ఉరిమింది.

అక్క ఆగింది. శిఖరం కళ్లెదుటే ఉంది. "ఈ ఉరుముల సంగతి చెప్పలేదేమిటే వాళ్లు?"

చిట్టి గట్టు వైపు చూడలేకపోయింది, అక్క వైపూ చూడలేకపోయింది. 

"చెప్పారక్కా. ఇవాళ్టికి చెప్పారు. పోయిన శనివారానికి చెప్పలేదు."

అక్కకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చిట్టిని తిట్టలేదు. శిఖరం వైపు చూసింది, మబ్బు వైపు చూసింది. "ముందు దిగుదాం పద" అంది.

లోయలో ఉండగా వడగళ్లు మొదలయ్యాయి. దిగేటప్పుడే మోకాలికి కష్టం. చిట్టి రెండు సంచులూ తగిలించుకుని భుజం అందిస్తే, అక్క దాని మీద బరువు వేసి దిగింది.  బసలో తడి బట్టలు మార్చుకున్నాకే అక్క నోరు విప్పింది.

"ఎందుకు చేశావు?"

"భయమేసింది. ఆ గట్టు మీద నడవలేను. గుట్ట మీదే తెలిసిపోయింది."

"భయమైతే భయమని చెప్పొచ్చుగా. నువ్వు ఇక్కడ కూర్చునేదానివి, నేను మీ బావను ఈడ్చుకొచ్చేదాన్ని. నీ భయం నువ్వు దాచుకో, నాకేం పోయింది? నా రోజును దాచేశావే. పైగా ఇవాళ పిడుగుల కిందికి తీసుకొచ్చావు."

చిట్టి ఏడవలేదు. ఏడిస్తే అక్క ఓదారుస్తుందని తెలుసు.

వానలు పట్టుకుని, ఆ ఏటికి కొండ దారి మూసుకుపోయింది. వానాకాలం పోయాక అక్కకు ఆపరేషన్ జరిగింది. అక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాన మోసం చేసిందని బావతో అంది. అక్క అలా కాపాడుతుంటే చిట్టికి అన్నం సహించలేదు. ఒక రోజు భోజనాల దగ్గర బావకు తనే జరిగింది చెప్పింది. నోరు తెరిస్తే జోకు వేసే మనిషి, కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు. 'వానకబురు' అని ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు.

మరుసటి ఏడు మంచు కరిగాక, గట్టు మొదలుదాకా అయితే వెళ్లొచ్చని, ఆ పైన వద్దని అక్కకు డాక్టరు చెప్పాడు. ఈసారి బస ఆవిడకు ఫోన్ చేసిందీ, రోజు ఎంచిందీ అక్కే. చిట్టిని రమ్మంది, అంతే.

ఆ రోజు గాలి లేదు. ఇద్దరూ గట్టు మొదట్లో రాతి మీద కూర్చున్నారు. ముగ్గురు నలుగురు మనుషులు చీమల్లా శిఖరం ఎక్కుతున్నారు.

"నువ్వు అక్కడుండాల్సినదానివి అక్కా" అంది చిట్టి.

"అవును" అంది అక్క. 

కొంతసేపటికి సీసా మూత తీసి, తను తాగి, చెల్లెలికి అందించింది. మబ్బులు రాకముందే లేచి, మెల్లగా దిగడం మొదలుపెట్టారు.