రాజకీయపు వంత

నిదాఘాంతమునఁ గృష్ణవేణి యిసుకమేటల నడుమ సన్నని పాయగా మిగిలి యంత్రములు త్రవ్విన గోతులయందు మాత్రము నల్లగా లోఁతుగా నిలిచి యస్తమయభానుని నెత్తుటిడాలును దనలోఁ బ్రతిఫలింపఁజేయుచుండెను. అట్టి గోతిలో బల్లకట్టువీథి బాలురు మువ్వురు మునిఁగి మృతినొందిరి. బెజవాడ టీవీ ఛానలు ఆ వార్త నుచ్చరింపలేదు. ఇసుక త్రవ్వు గుత్త యా ఛానలు యజమాని బావమఱఁదిది.

ఆ ఛానలునఁ గళాకార్యక్రమమును నిర్వహించు వకుళాదేవి బహుగ్రంథపరిచిత. అయినను నొక భ్రమకు లోనయ్యెను. వార్తకు వడఁకువారు బుఱ్ఱకథకు వడఁకరని తలంచెను. కథకున కిరుప్రక్కల నిద్దఱు వంతలు నిలుతురు గదా. ఒకరిది హాస్యము, రెండవవారిది రాజకీయము. పూర్వరాజుల కథ నడుమఁ జొచ్చి నేఁటి ప్రభువులను నిలదీయుట యా రెండవవంతకుఁ దరతరముల హక్కు. బల్లకట్టువీథి నాంచారమ్మ యట్టి వంత. ఆమె యన్న కోటిలింగము కథకుఁడు. వకుళాదేవి వారిని దన కార్యక్రమమునకుఁ బిలిచెను.

"నా బిడ్డ పేరైన లోకము వినవలెనత్తా" యని మృతబాలురలో నొకని తల్లి సుందరమ్మ వీథివరుస నత్తయగు నాంచారమ్మ చేతులు పట్టుకొని వేఁడియుండెను.

చిత్రీకరణవేళఁ గోటిలింగము "చెల్లీ! ఆ రాజు త్రవ్వించిన గోతిలోఁ బడినవా రెవ్వరే?" యని యడిగెను. నాంచారమ్మ గుమ్మెట నాపి "నీ రాజుమాట నాకేల యన్నా! మా వీథివారి నెఱుఁగుదును. మస్తాను. ఏసుపాదము. చిట్టిబాబు" అని పలికెను.

ఛానలు సంపాదకుఁడు త్రివిక్రమరావు దానిఁ జూచి నవ్వెను. "అమ్మా వకుళాదేవీ! కళ కళగా నుండవలదా? ఆ పేర్లు తీసివేయుఁడు."

"తీయను. వంత నోరు మూసినచో నది బుఱ్ఱకథ కాదు, భజన."

"భజనయే మేలు. దానికిఁ బ్రకటనలు వచ్చును. మీరు తీయకున్నఁ దీయు చేతులు వేఱు కలవు."

ప్రసారదినమున వీథి యంతయు నొక్క టీవీముందుఁ గూడెను. కోటిలింగము ప్రశ్నించెను. తెరపై నాంచారమ్మ పెదవులు కదలెను. వినఁబడినది మాత్రము కథలో వేఱొకచోటనుండి కోసి తెచ్చి యతికిన యామె కంఠమే.

"తందాన తాన."

పేరున కొక తందాన.

సుందరమ్మ మెల్లగా లేచెను. "నా బిడ్డ చావునకుఁ దందాన పాడితివా యత్తా?"

"పేరే పలికితినే తల్లీ! నా కన్నులమీఁద నాన!"

"నీ గొంతు నేనెఱుఁగనా?" యని యామె వెడలిపోయెను. ఒకరి వెంట నొకరుగా నందఱును వెడలిరి.

వకుళాదేవి తొలి చిత్రణమును గోరఁగా నది చెఱిపివేయఁబడినదని ప్రత్యుత్తరము వచ్చెను. నాంచారమ్మ సత్యమునకు వీథి నమ్ము సాక్ష్యమిఁక భూమిపై లేదు. కార్యక్రమ మతిమధురముగా నున్నదని ప్రేక్షకుల ప్రశంసలు మాత్రము వకుళాదేవికి వచ్చుచునే యుండెను.

నాంచారమ్మ మఱి వంత పాడలేదు. ఆమె గుమ్మెట గోడమేకునకు వ్రేలాడుచున్నది. ఇసుక లారీలు వీథివెంటఁ బోవునపుడెల్ల గోడ యదరి యది తనంతఁ దాను మ్రోఁగును.