ఓటుకు వెళ్ళిన నీడ

రోజూ సాయంత్రం మద్దమ్మ కువైట్‌లో పనిచేసే ఇంటి డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంది. ఆ రోజు తీసి మడతపెట్టి, పొద్దుకు వీపు పెట్టి నిలబడింది. ఆమె నీడ తూర్పుకు, ఊరివైపుకు బారుగా సాగింది.

రాయచోటి దగ్గరి ఆ ఊళ్ళో తెల్లవారితే సర్పంచ్ ఓట్లు. జాబితాలో మద్దమ్మ చనిపోయినట్టు రాసివుంది. రాయించింది మరిది సిద్ధయ్య. వదిన లేదనిపిస్తే ఆమె పేరున ఉన్న ఇల్లు తనకొస్తుందని ఆశ. మొగుడు పోయాక మద్దమ్మ కట్టించిన ఇల్లది. కూతురు వెంకటేశ్వరి ఒక్కతే అందులో ఉండి డిగ్రీ చదువుతోంది. మద్దమ్మే వెళ్ళి వేలిముద్ర వేస్తే తప్ప ఆమె పేరు బతకదు. ఇంటావిడ, మద్దమ్మ పిలుపులో మామా, నాలుగేళ్ళుగా సెలవివ్వలేదు.

"సక్కంగా పో, యాడా కూసోవద్దు. ఓటేసి, పొద్దున నీడలు పడమరకు పడేటప్పుడు వచ్చెయ్," అని మద్దమ్మ నీడకు చెప్పింది. నీడ ఆమె పాదాలు విడిచి పిట్టగోడ దాటింది.

"నీ నీడేది?" అంది మామా.

"ఓటుకు పోయింది మామా."

"రేపు చుట్టాలొస్తారు. యల్లా, తొందరగా రమ్మను."

మర్నాడు టీ కాచేవేళకు వెంకటేశ్వరి ఫోన్ చేసింది.

"మా, నీ నీడే క్యూలో మొదట నిలబడింది. లోపల సిద్ధయ్య చిన్నాయనే ఏజెంటు."

"అడ్డం పన్యాడా?"

"పడదామనే కూసున్నాడు. నీడ గడప దాటంగానే లేసి నిలబడి, 'రా వదినా, బాగుండావా' అనేసినాడు."

ఇరవయ్యేళ్ళ మర్యాద మరి, ఒక్క పూటకు ఎక్కడికి పోతుంది? ఆఫీసరు నవ్వి, "మీరే వదినా అన్నాక నేనేం అడగాలి?" అని వేలిముద్ర తీసుకుని, పేరు పక్కనున్న చావు రాత కొట్టేశాడట.

ఇల్లు నిలిచింది. మద్దమ్మ పొయ్యి కట్టేసి తలగుడ్డతో ముఖం తుడుచుకుంది. బతికున్నానని ఎవరో ఒప్పుకుంటే ఇంత సంతోషంగా ఉంటుందని ఆమెకు తెలియదు.

మధ్యాహ్నమైనా నీడ రాలేదు. ఈసారి మద్దమ్మే కూతురికి ఫోన్ చేసింది.

"నాకు తల దువ్వుతాంది మా. పొమ్మన్నా పోవడంల్యా."

మూడు రోజులు గడిచాయి. చుట్టాలు వెళ్ళాక మామా వాకిట్లోకొచ్చి, ఎండలో మద్దమ్మ కాళ్ళకింది ఖాళీ నేలను చూసింది.

"ఎవరి దగ్గరుండిపోయింది?"

"నా బిడ్డ దగ్గర."

మామా లోపలికెళ్ళి, ఇన్నాళ్ళూ తన దగ్గరే ఉంచుకున్న పాస్‌పోర్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "పోయి తెచ్చుకో. నెల చాలా?"

"రెండు కావాల మామా," అంది మద్దమ్మ. "అది నా మాట అంత తొందరగా ఇనదు."