దారికి ఊరంతా ఉంది

మంచు రాలేటప్పుడు చప్పుడుండదు.

చప్పుడంతా దాన్ని తోసేటప్పుడే. ఇనుప పలక తారును గీరుకుంటూ పోయే చప్పుడు... పళ్ళు జివ్వుమనే చప్పుడు. ఊరివాళ్ళు దుప్పట్లలో పడుకునే దాన్ని వినేవారు. హెల్మి వచ్చేసిందిలే అనుకుని అటు తిరిగి ఇంకో కునుకు తీసేవారు.

పెద్ద సరస్సు మీదుగా గాలి వస్తుంది. వస్తూ వస్తూ నీళ్ళను మోసుకొస్తుంది. ఒడ్డు తాకగానే ఆ బరువంతా ఊరి మీద దింపేస్తుంది.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా.

కంచెలు మునుగుతాయి. కిటికీలు మునుగుతాయి. ఎవరి ఇల్లు ఎక్కడుందో పొగగొట్టాన్ని చూసి చెప్పాలి.

హెల్మి లాహ్తికి యాభై ఎనిమిదేళ్ళు. కౌంటీ రోడ్డు ఆఫీసులో మంచు తోసే బండి నడుపుతుంది. పెళ్ళయిన కొత్తలో చేరింది. మొగుడు పోయాక కూడా అదే బండి, అదే కొండదారి. మూతబడిన రాగి గనుల పక్క నుంచి మెలికలు తిరుగుతూ ఎక్కే దారి. ఏ మలుపులో గాలి ఎటు తోస్తుందో ఆమె భుజాలకు తెలుసు.

ఆ ఏడు జనవరిలో, నడి చలికాలంలో, ఆమె బండి దిగింది.

కొడుకు కోసం దిగింది.

రసెల్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. కరెంటు స్తంభాలెక్కే పని. గాలివానకి అందరూ లోపలికి పరిగెత్తే వేళ, తెగిన తీగల కోసం బయటికి పరిగెత్తేవాడు. స్తంభం చివర నిలబడి సరస్సును చూడటం అంటే వాడికి పిచ్చి.

అక్టోబరులో ఒక పొద్దున, కాలివేళ్ళలో చీమలు పాకుతున్నట్టుందన్నాడు.

బూట్లు బిగువేమో అంది తల్లి.

మర్నాడు మోకాళ్ళు. ఆ మర్నాడు వంటింట్లో, చేతిలో కాఫీ కప్పుతో సహా కూలబడ్డాడు. అమ్మా — అని అరిచాడు. ఆరడుగుల మనిషి, మాసిన గడ్డం... గొంతు మాత్రం మూడేళ్ళవాడిది.

నరాల జబ్బన్నారు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే తిరగబడి నరాల్ని కొరుక్కు తింటుందట. పాదాల్లో మొదలై పైకి పాకింది. నడుము. చేతులు. ఊపిరి. గొంతులో గొట్టం వేసి యంత్రం చేత ఊపిరి పోయించారు. హెల్మి పొద్దున మంచు తోసేది. సాయంత్రం ఆసుపత్రిలో కూచునేది. క్రిస్మస్ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఆమెకు తెలీదు.

ప్రాణం మిగిలింది. ఊపిరి తిరిగొచ్చింది. మెడ తిరిగొచ్చింది. కుడి చెయ్యి... కొంచెం.

“తక్కినవీ రావచ్చు. సరస్సు మీద మంచుగడ్డ కరిగినట్టు వస్తాయి, తొందరపెడితే రావు. అన్నీ రాకపోనూవచ్చు” అంది డాక్టరు.

ఇంటికి తీసుకుపొమ్మంది.

రోడ్డు ఆఫీసుకి పెద్ద గ్రాడీ. హెల్మి కంటే చిన్నవాడు. మంచివాడే, మంచు పడనంతసేపూ. ఆమె సెలవు మాట ఎత్తగానే కుర్చీలోంచి లేచాడు.

“పిల్లాడి కోసం సెలవా? వాడు పిల్లాడా హెల్మీ? వాడికి గడ్డం ఉంది!”

“గడ్డం ఉంది. చెంచా ఎత్తే చెయ్యి లేదు.”

“ఎవర్నైనా పెట్టుకోరాదూ?”

“నన్నే పెట్టుకున్నాను.”

“జనవరిలో నన్నిలా ముంచుతావా?”

“ముంచేది నేను కాదు, మంచు. అది ఏటా వస్తుంది. మీకే ఏటా కొత్తగా ఉంటుంది.”

గ్రాడీ గొంతు తగ్గించాడు. చట్టం చిన్నపిల్లలకే అనుకుంటానన్నాడు. హెల్మి తల అడ్డంగా ఊపింది. తన పని తాను చేసుకోలేని బిడ్డకి వయసుతో నిమిత్తం లేదట. పన్నెండు వారాలు. జీతం ఉండదు, ఉద్యోగం పోదు. యూనియన్‌వాళ్ళు చదివి వినిపించారు.

“వాళ్ళు వినిపించకపోయినా వచ్చి ఇదే చెప్పేదాన్ని” అంది.

బండి తాళం చెవి బల్ల మీద పెట్టింది. అన్నేళ్ళలో మొదటిసారి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. మంచు పడుతూనే ఉంది. పడనీ.

ఎడమకి తిప్పాలి. కుడికి తిప్పాలి. ఒకవైపే ఉంచితే ఒళ్ళు పుండవుతుంది.

మడమల కింద మెత్త పెట్టాలి. దగ్గొస్తే వీపు తట్టి లేపాలి. తాగించాలి, తుడవాలి, మళ్ళీ తిప్పాలి.

ఒళ్ళు కడిగేటప్పుడు రసెల్ కళ్ళు మూసుకునేవాడు. మూసుకుంటే తనక్కడ లేనట్టు. దవడ బిగిసి ఉండేది. జాలి మాటలు హెల్మికి రావు. వేడినీళ్ళ గుడ్డ, పొడిగుడ్డ, ఉన్ని మేజోళ్ళు... చేతులే మాట్లాడేవి.

ఒకరోజు మధ్యాహ్నం సూపు తాగిస్తుంటే వాడికి ఉక్రోషం పొంగింది.

“వెళ్ళి నీ బండెక్కమ్మా! నేనడిగానా ఇదంతా?”

“కనమని మాత్రం అడిగావా? అదీ అడక్కుండానే చేశా. నోరు తెరు.”

కుడిచేత్తో చెంచాను ఎగరగొట్టాడు. సూపు గోడంతా చిమ్మింది.

హెల్మి గోడ వైపు చూసింది. మరక ఎంత ఎత్తున ఉందో చూసింది.

“నిన్న ఆ చెయ్యి ఇంత పైకి లేవలేదు” అంది. ఇంకో చెంచా తెచ్చుకుంది.

ఆ మరకను ఆమె తుడవలేదు.

కొండదారికి కొత్త డ్రైవరును పెట్టారు. వెచ్చటి దక్షిణపు రాష్ట్రం నుంచి వచ్చినవాడు, మంచుకి కొత్త. బడి బస్సు మలుపులో ఇరుక్కుంది. పాల బండి వెనక్కి పోయింది. దుకాణంలో పాలు అయిపోయాయి. రసెల్‌కి వ్యాయామం చేయించే మనిషి వచ్చిన గంటలో హెల్మి దుకాణానికి వెళ్ళింది. పాలు లేని అర ముందు నిలబడ్డ ప్రతివాళ్ళూ ఆమె వైపు చూశారు.

“రసెల్‌ని ఏ హోములోనో చేర్పిస్తే వాడికీ సుఖం కదా” అంది ఒకామె, బంగాళాదుంపలు ఏరుకుంటూ.

“ముందు నీ కొడుకుని చేర్పించు. సుఖంగా ఉందంటే చెప్పు, వస్తాం.”

పిండి, వెన్న, యాలకులు సంచిలో వేసుకుని బయటికి నడిచింది. వెనక గుసగుసలు. గుసగుసల మీద మంచు.

ఫిబ్రవరిలో వచ్చింది అసలు తుఫాను.

గాలి సరస్సును తలకిందులు చేసి ఊరి మీద కుమ్మరించింది. మధ్యాహ్నానికే చీకటి. కరెంటు ఇక్కడుంది, అక్కడ లేదు. కొత్త డ్రైవరు బండిని లోయ పక్క కాలవలోకి దింపేశాడు. వాడికేం కాలేదు. ఇంకో బండి ఉంది. నడిపేవాళ్ళు లేరు.

గ్రాడీ మోకాళ్ళ లోతు మంచులో నడిచొచ్చాడు. కనుబొమ్మలు తెల్లబడ్డాయి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఒక్క పూట హెల్మీ. కొండ పైన జనం ఇరుక్కుపోయారు. మా ఆవిడ వచ్చి రసెల్ దగ్గర కూచుంటుంది.”

హెల్మి చేతులు ఆమెకు తెలియకుండానే వంగాయి, స్టీరింగు పట్టుకున్నట్టు. కొండ ఆమె కళ్ళ ముందు మలుపు మలుపుగా లేచింది. అవును, ఆమెకు వెళ్ళాలనిపించింది. ఒళ్ళంతా వెళ్ళాలనిపించింది.

“వెళ్ళమ్మా” అన్నాడు రసెల్ మంచం మీద నుంచి. “నన్నెవరూ ఎత్తుకుపోరులే.”

ఆమె వాడి ముఖం చూసింది. పొమ్మంటున్న ముఖం. పోతే, నేను బరువునని తేలిపోయింది కదా అనబోయే ముఖం. ఇక నోరు తెరవనని, ఇక చెయ్యి లేపనని లోపల్లోపల తలుపేసుకుంటున్న ముఖం.

“మీ ఆవిడ మంచిది గ్రాడీ. వీడికి కఫం అడ్డుపడితే ఏం చెయ్యాలో తెలుసా ఆమెకి?”

“చెప్తే నేర్చుకుంటుంది.”

“ఇవాళ కాదు.”

“కొండ మీద మనుషులున్నారు!”

“ఉన్నారు. వాళ్ళ పేర్లు, వాళ్ళ కుక్కల పేర్లు కూడా తెలుసు నాకు. ఇంకో డ్రైవరును పెట్టండి, పెట్టండి అని వేసవి వచ్చినప్పుడల్లా మొత్తుకున్నాను. ఎండలో ఎవరికీ వినిపించలేదు.” వెనక్కి నడిచి మంచం పట్టె పట్టుకుంది. “దారికి ఊరంతా ఉంది. కౌంటీ ఉంది, ఆఫీసు ఉంది, నువ్వున్నావు. వీడికి నేనొక్కదాన్నే.”

“ఎవరికైనా ఏమైనా అయితే?”

హెల్మి కొడుకు దుప్పటి అంచు సరిచేసింది. గాలి పొగగొట్టంలో ఏడ్చింది.

“అయితే... నా నిద్ర పోతుంది. పోనీ.”

గ్రాడీ టోపీ పెట్టుకున్నాడు. తలుపు అతను వేశాడో, గాలి వేసిందో... గోడలు అదిరాయి.

“అందరూ మన ముఖాన ఉమ్ముతారు” అన్నాడు రసెల్.

“ఈ చలికి నేల మీద పడేలోపే గడ్డకడుతుంది. ఎడమకి తిరుగు.”

గ్రాడీ పక్క కౌంటీ నుంచి డ్రైవరును తెప్పించాడు. హెల్మి వాళ్ళ వీధిలో మంచు తోయడానికి అందరికంటే ఆఖర్న వచ్చారు. ఆ లోపు వ్యాయామం చేయించే మనిషి రాలేకపోయింది. హెల్మి చొక్కా చేతులు మడిచి మంచం చివర కూచుంది. కొడుకు పాదానికి తన అరచెయ్యి ఆనించింది.

“నెట్టు.”

“రావట్లేదు.”

“తిట్టుకుంటూ నెట్టు.”

“ఎవర్ని?”

“గ్రాడీని.”

రసెల్ నవ్వాడు. అక్టోబరు తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. బొంగురుగా, తుప్పు పట్టిన తలుపులా వచ్చింది.

“వాడి మీసం ఊడ!”

“నెట్టు.”

“వాడి కాఫీ గడ్డకట్ట! వాడి టోపీ ఎలకలు కొరక!”

“నెట్టరా!”

గ్రాడీ వంతు అయిపోయింది. కౌంటీని తిట్టాడు. మంచును తిట్టాడు, సరస్సును తిట్టాడు, తన నరాల్ని పేరు పెట్టి తిట్టాడు, దేవుణ్ణి కూడా వదల్లేదు. చెమటలు పట్టాయి. కళ్ళలో నీళ్ళు.

“నిన్ను కూడా తిట్టనా?”

“తిట్టు. గట్టిగా నెట్టు.”

తిట్టాడు. ఏమని తిట్టాడో ఆమె ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు అరచేతిలో... ఏదో. పిచ్చుక ముక్కుతో పొడిచినంత.

ఇద్దరూ కదల్లేదు. ఊపిరి బిగబట్టారు.

మళ్ళీ.

దారి తెరుచుకున్నాక కబురు తెలిసింది. కొండ పైన ఇంకెరి అనే ముసలామె ఇంట్లో కరెంటు పోయి, ఇల్లు వెచ్చబరిచే పొయ్యి చల్లారి, రెండు రోజులు కోట్ల కింద ముడుచుకుని పడుందట. ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది. ఊళ్ళోని చిన్నాసుపత్రిలో ఉంది. బతుకుతుంది. కానీ ఇక కొండ మీద ఒంటరిగా ఉండలేదన్నారు.

వ్యాయామం మనిషి రసెల్ దగ్గర ఉన్న గంటలో హెల్మి ఆసుపత్రికి వెళ్ళింది. తాను కాల్చిన యాలకుల రొట్టె గుడ్డలో చుట్టుకుని వెళ్ళింది.

ఇంకెరి ఆమెను చూసింది. గుర్తుపట్టింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

హెల్మి నిలబడింది. క్షమించమనలేదు. అది అడిగితే వచ్చేది కాదు. రొట్టె బల్ల మీద పెట్టి బయటికొచ్చింది.

మెట్ల మీద చలి ముఖానికి కొట్టింది. కొడుకు వైపు తూగితే ఈమె. ఈమె వైపు తూగితే కొడుకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

మళ్ళీ అదే రోజొస్తే?

మళ్ళీ అదే చేస్తాను — అంది, పైకే అంది. మెట్ల మీద ఉప్పు చల్లుతున్న మనిషి తలెత్తి చూశాడు.

అన్నట్టే, ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాతా చాలా రాత్రులు.

ఏప్రిల్ వచ్చింది. సెలవు అయిపోయింది. మంచు అయిపోలేదు.

రసెల్‌కి ఇప్పుడు కఫం అడ్డుపడటం లేదు. కూచుంటున్నాడు. వంటగట్టు పట్టుకుని, కాళ్ళు వణుకుతుంటే, పాటలో ఒక చరణమంత సేపు నిలబడుతున్నాడు. నడవడం లేదు. ఎడమ చెయ్యి ఇంకా నిద్రలోనే ఉంది. నడుస్తాడా అంటే డాక్టరు కిటికీలోంచి సరస్సు వైపు చూపించేది.

మధ్యాహ్నం పక్కింటామె వచ్చి చూస్తానంది. పొద్దున మాత్రం వాడు ఒంటరిగా ఉండాలి. హెల్మి బూట్లు తొడుక్కుంది. విప్పింది. మళ్ళీ తొడుక్కుంది.

“వెళ్ళమ్మా” అన్నాడు చక్రాల కుర్చీలోంచి.

ఆమె గిర్రున తిరిగి వాడి ముఖం చూసింది. వెతికింది.

“అలా చూడకు. సెలవు నీకు అయిపోయింది, నాకు ఇంకా ఉంది. ఇక్కడే ఉంటే గ్రాడీ బదులు నిన్నే తిట్టాల్సొస్తుంది.”

వెళ్ళింది.

రోడ్డు ఆఫీసులో గ్రాడీ తలెత్తకుండా తాళం చెవి జరిపాడు. చట్టం ఇవ్వమంది కాబట్టి ఇచ్చాడు. బండి మాత్రం ఆమెది కాదు, తుక్కుకి పోవాల్సిన పాతది. హీటరు పనిచెయ్యదు.

“హైవే ముందు. తర్వాత కొండ. మీ వీధి ఆఖర్న” అన్నాడు.

హెల్మి విన్నది. సీటు ముందుకి లాక్కుంది. గేటు దగ్గర హైవే కుడివైపు.

ఎడమకి తిప్పింది.

ముందు ఇల్లు. తర్వాత కొండ పైన ఇంకెరి ఇల్లు. అది ఖాళీగా ఉంది, ఎవరూ తోయమనలేదు. అయినా తోస్తుంది. హైవే ఆగుతుంది.

“హెల్మీ, ఎక్కడున్నావ్?” రేడియో గరగరలాడింది.

ఆమె గేరు మార్చింది.

తన వీధిలో పలక దించింది. తారు కీచుమంది. తెల్లటి గోడ విరిగి పక్కకి ఒరిగింది. వంటింటి కిటికీలో దీపం. దీపం ముందు మనిషి ఆకారం... కుర్చీలో కూచున్నాడో, గట్టు పట్టుకుని నిలబడ్డాడో — రాలే మంచులోంచి తేల్చుకోలేకపోయింది.

“హెల్మీ! వినపడుతోందా?”

ఆమె బండిని వెనక్కి తీసింది. పలక మళ్ళీ దించి, ఇంకొంచెం లోతుగా గీరింది.