అక్క పెట్టిన విరామాలు

గ్రాఫులు గీసే ఆ కాలిక్యులేటర్ లెక్కల టీచరైన అక్కది. తాను బడికి వెళ్లాక తల్లి మందు మరచిపోతోందని అక్క అందులో ఒక ప్రోగ్రామ్ రాసిపెట్టింది. అక్క పోయి రెండేళ్లయినా తల్లి రోజూ మధ్యాహ్నం మీట నొక్కేది. తెర ఒక్కో ప్రశ్న వేసి, ఆగేది.

'తిన్నావా?'

"తిన్నానే."

'మోకాలు ఎలా ఉంది?'

"ఉంది, ఎక్కడికి పోతుంది?"

'మందు వేసుకున్నావా?'

ఇక్కడ తల్లి పలికేది కాదు. లేచి, అల్మారా దాకా వెళ్లి, మాత్ర మింగి వచ్చేది. అప్పుడు 'సరే' అని పడేది.

తమ్ముడు పరికరాలు బాగుచేసేవాడు. తల్లి తెర ముందు కాచుకుని కూర్చోవడం గుమ్మంలోంచి చూసి, యంత్రం నెమ్మదించిందనుకున్నాడు. అడగకుండానే ప్రాసెసర్ తీసి, ముప్పై రెట్లు వేగమైన చిప్ అతికించాడు. ప్రోగ్రామ్ చెక్కుచెదరలేదు. కానీ అక్క విరామాలను గడియారంతో కొలవలేదు. ఆగవలసిన చోటల్లా ఫలానా అంకె దాకా చిప్ చేత లెక్కపెట్టించింది. లెక్కపెట్టేది మారడంతో విరామాలు కుంచించుకుపోయాయి. ప్రశ్నలన్నీ గబగబా దొర్లిపోయాయి.

తల్లి నోరు తెరిచి, మూసింది.

"దానికంత తొందరేమొచ్చిందిరా? నా జవాబు అక్కర్లేదా?"

పాత చిప్ పెట్టేస్తాననబోయి అతను ఆగిపోయాడు. బోర్డు దెబ్బతినకుండా పాత చిప్‌ను కాళ్లు కత్తిరించి తీయడం అతని పనిలో అలవాటు. అది ఇక దేనికీ పనికిరాదు.

"నువ్వు జవాబులు చెప్పమ్మా. అంకెలు పెంచుకుంటూ వస్తాను."

"తల్లీకూతుళ్ల మాటల మధ్య నువ్వెందుకు దూరతావు?" అని విసుక్కుంటూనే జవాబులు చెప్పింది. మొదటి రెండు విరామాలూ కుదిరాయి. మూడోదాని జోలికి అతను వెళ్లకముందే తల్లి మీట నొక్కేసింది.

"ఆగమ్మా, అది ఇంకా మార్చలేదు."

'మందు వేసుకున్నావా?'

తల్లి మోకాలు పట్టుకుని లేచింది. పాత అంకెకు ఈ చిప్ రెండు సెకన్లలో 'సరే' అనాలి. అనలేదు. మాత్రల అట్ట చిటుక్కుమంది. గ్లాసు బల్లను తాకింది. తల్లి వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

'సరే.'

"కుదిరిందిగా. ఇంక దాన్ని కెలక్కు."

అతను ప్రోగ్రామ్ తెరిచి చూశాడు. మూడో అంకె అక్క రాసిందే. కారణం వెతకడమే అతని వృత్తి. అయినా, చేతిలోని స్క్రూడ్రైవర్‌ను చప్పుడు కాకుండా పెట్టెలో పెట్టి, మూత వేశాడు.