తోక బాబాయి

పరుగు పందెంలో ముందొచ్చినవాడికి చప్పట్లుంటాయి. చివరొచ్చినవాడికి జాలి ఉంటుంది. ఆ చివరివాడి వెనక పరిగెత్తే మనిషికి మాత్రం బురద తప్ప ఏమీ ఉండదు. మైదానం దాటి, కాలవ గట్టు మీదుగా, చెట్ల మధ్య నుంచి గుట్టెక్కి దిగే పరుగుల్లో ఏ పిల్లా దారి తప్పకుండా, అందరికన్నా వెనక ఒక పెద్దమనిషి రావాలని నియమం. ఆ మనిషిని తోక అంటారు. మన కథలో తోక ఒక లిఫ్టు మెకానిక్కు. క్లబ్బు పిల్లలకి ఆయన తోక బాబాయి. ఎవరైనా నవ్వితే ఆయనే ముందు నవ్వేసి, "తోక లేని గుర్రం ఎలా ఉంటుందో ఊహించుకోండి ఒకసారి" అనేవాడు.

నిజానికి ఆయన ఈ బురదలోకి దిగింది పరుగు మీద ప్రేమతో కాదు, అన్న కూతురి కోసం. అన్న లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంట్లో మిగిలేది వదిన, పదకొండేళ్ళ పిల్ల, ఈయన. పిల్లకి చిన్నప్పుడు పిల్లికూతలు. రాత్రిళ్ళు ఊపిరందక లేచి కూర్చునేది. డాక్టరేమో ఇప్పుడు భేషుగ్గా ఉంది, పరిగెత్తనివ్వండి, మంచిదే అన్నాడు. వదిన మందుల షాపు కౌంటరులో పనిచేస్తుంది. రోజంతా జబ్బుల గురించి వినే మనిషికి డాక్టరు మాట ఒక్కటే ఆనుతుందా?

"పరిగెత్తితే పరిగెత్తనీ. కానీ నువ్వు దాని వెనకే ఉండాలి. ఇన్‌హేలర్ నీ జేబులో ఉండాలి. అలా అయితేనే" అంది.

"ఉంటాను వదినా. నాదీ పూచీ" అన్నాడు ఈయన. అప్పటికి ఆయన పరిగెత్తి ఏళ్ళయింది. లిఫ్టు చెడిపోయినప్పుడు మెట్లెక్కడమే వ్యాయామం.

పిల్ల వెనకే ఉండడం కష్టం కాలేదు, ఎందుకంటే పిల్ల ఎప్పుడూ అందరి వెనకే ఉండేది. క్లబ్బులో దానికి నిదానం అని పేరు పెట్టారు. అదీ ఆ పేరుకి పలికేది. తోకకీ పని సులువైంది. చివరి పిల్లా, పూచీ పడిన పిల్లా ఒక్కతే. వెనక పరిగెత్తుతూ ఆయన కూనిరాగాలు తీసేవాడు. ఏ పాటకీ చెందని రాగాలవి. పిల్ల వెనక్కి తిరక్కుండానే, "బాబాయ్, శ్రుతి" అనేది. ఆయన ఇంకో శ్రుతిలో తప్పు పాడేవాడు.

ఆ ఆదివారం పోటీలు వాళ్ళ క్లబ్బు ఆధ్వర్యంలోనే జరిగాయి. తల్లిదండ్రులకీ తలా ఒక పని పడింది. వదిన షాపులో ఆదివారాలు కూడా చేస్తుంది, ఆ రోజు మాత్రం సెలవు పెట్టి, దారి చూపేవాళ్ళకిచ్చే మెరిసే పసుపు జాకెట్టు పైన తొడుక్కుని చెక్కగేటు దగ్గర నిలబడింది. దారి చీలేది అక్కడే. పిల్లలు మొదటిసారి వచ్చినప్పుడు కాలవ వైపు పంపాలి. కాలవ చుట్టి మళ్ళీ అక్కడికే వస్తారు, అప్పుడు గుట్ట వైపు పంపాలి. "ఇంతేనా? నా షాపుకి వచ్చేవాళ్ళు ఇంతకన్నా ఎక్కువ గందరగోళంగా ఉంటారు" అంది.

పొద్దుటి నుంచీ సన్నగా వాన. అందరికన్నా చివర చిన్న ఆడపిల్లల పోటీ. అదే ఆఖరిది కాబట్టి, దారికి గుర్తుగా కట్టిన ఎర్ర రిబ్బన్లు తోకే విప్పుకుంటూ రావాలని క్లబ్బు కోచ్ చెప్పింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, అందుకని పిల్లలూ పెద్దలూ అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. "ఎలాగూ నీ వెనక ఎవరూ ఉండరు కదయ్యా. మళ్ళీ ఒక మనిషి ఎందుకు?" అంది. అదీ నిజమే.

విజిల్ మోగగానే పిల్లలు చెరువు గట్టు తెగినట్టు ముందుకు పడ్డారు. మైదానం చివర ఇరుకు సందు దగ్గర నలుగురైదుగురు ఒకరి మీద ఒకరు బురదలో పడ్డారు. తోక బాబాయి చేరేలోపు లేచి వెళ్ళిపోయారు. ఆయన ముందు మిగిలింది ఒకే ఒక్క పిల్ల, వేరే క్లబ్బుది, డొక్కలో నొప్పని చెయ్యి పెట్టుకుని పరిగెత్తుతోంది. మా పిల్ల ఇవాళ ఒకరిని దాటిందే అని బాబాయి మురిసిపోయాడు. ఆ మలుపు తిరిగితే కనపడుతుందిలే అనుకున్నాడు. మలుపు తిరిగాక, ఆ చెట్లు దాటితే కనపడుతుందిలే అనుకున్నాడు.

గేటు దగ్గర వదిన అరిచింది: "ఏదీ మనది?"

"ముందుంది!" అని చెయ్యూపి, కాలవ వైపు తిరిగాడు. రిబ్బన్లు విప్పుతూ, చేతికి చుట్టుకుంటూ, కూనిరాగం తీస్తూ కాలవ చుట్టంతా తిరిగాడు. నిదానం ఎక్కడా కనపడలేదు. మళ్ళీ గేటు దగ్గరికి వచ్చేసరికి వదిన ముఖంలో రంగు లేదు.

"ఏదయ్యా? కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నా. రెండోసారి రాలేదు."

"రాకపోవడమేంటి వదినా? నా ముందే ఉండాలి."

"నీ ముందుంటే నాకు కనపడాలిగా!"

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. ముందు లేదు, అంటే వెనక ఉంది. వెనక ఉందంటే, చెట్ల చాటున ఎక్కడో కూలబడితే తను చూసుకోకుండా దాటి వచ్చేశాడు. ఆ వెనక కాలవ ఉంది. లేచి రావాలన్నా దారి గుర్తు ఒక్కటీ లేదు, అన్నీ ఇదిగో, తన చేతికే చుట్టి ఉన్నాయి. ఇన్‌హేలర్ తన జేబులో ఉంది. ఇంతకన్నా గొప్పగా పూచీ నిలబెట్టుకున్న మనిషి లోకంలో ఉండడు.

వదిన ఇన్‌హేలర్ లాక్కుని, పసుపు జాకెట్టుతోనే కాలవ గట్టు మీద పరుగు తీసింది. బాబాయీ వెనక్కి తిరగబోయాడు. కానీ ముందు డొక్క పట్టుకుని పరిగెత్తుతున్న పిల్ల ఉంది. తోక అన్నవాడు చివరి పిల్లని వదిలి వెళ్ళకూడదు. ఆ పిల్ల కూడా ఎవరో ఒకరికి కూతురే. పళ్ళ బిగువున గుట్టెక్కాడు. ప్రతి పొద వెనకా తొంగి చూశాడు. ఒక్క రాగం నోట్లోంచి రాలేదు.

ముగింపు గీత దగ్గర పిల్లలకి వచ్చిన వరసలో అంకె వేసిన కార్డులిస్తారు. పిల్లలు ఆ కార్డు తెచ్చి తమ కోచ్ చేతిలో పెట్టాలి. నలుగురి కార్డులు ఉంటేనే జట్టు లెక్కలోకి వస్తుంది. సిస్టర్ చేతిలో మూడే ఉన్నాయి.

"మా పిల్ల వచ్చిందా సిస్టర్?"

"రాలేదయ్యా. నీతోనే వస్తుందనుకుంటున్నా." ఆయన ముఖం చూసి ఆవిడ గొంతు మారింది. "నీతో లేదా?"

తర్వాత అంతా గోల. మైకులో పిలిచారు. పెద్దవాళ్ళు కాలవ వైపు పరిగెత్తారు. ఎవరో తాడు తెమ్మన్నారు, ఎవరో కర్రలు తెమ్మన్నారు. తాడు క్లబ్బు వ్యానులో ఉంది. అన్నకి ఫోను ఎలా చెయ్యాలి, మొదటి మాట ఏం చెప్పాలి అనుకుంటూ వ్యాను దగ్గరికి వెళ్ళి వెనక తలుపు లాగాడు.

విడిచిన స్వెట్టర్ల కుప్ప కదిలింది. అందులోంచి బురద ముద్ద లాంటి తల బయటికొచ్చింది. రెండు కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"బాబాయ్, తిట్టకు" అంది.

బాబాయి వ్యాను మెట్టు మీద చతికిలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది, కానీ వచ్చిన ప్రాణం ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టుంది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. అందులో సిగ్గేముంది?

"ఊపిరి ఆడుతోందా? నొప్పుందా?"

"ఆడుతోంది. బాబాయ్, నేను ఒక చుట్టు ఎగ్గొట్టాను. కావాలని కాదు."

"ఎవరన్నారు?"

పిల్ల గుప్పిట తెరిచింది. బురదంటిన కార్డు. దాని మీద తొమ్మిది.

"నాకు తొమ్మిది ఎలా వస్తుంది? మొదట్లోనే పడ్డాను కదా, లేచి చూస్తే నీ రాగం వినపళ్ళేదు. ఎప్పుడూ వినపడుతుందిగా. దారి తప్పాననుకున్నా. భయమేసి గట్టిగా పరిగెత్తా, ఎవరైనా కనపడతారని. కనపడ్డారు. వాళ్ళనీ దాటేశా, నువ్వు ఇంకా ముందున్నావేమోనని. తీరా అయిపోయింది. వాళ్ళు ఇది ఇచ్చారు. ఇది సిస్టర్‌కి ఇస్తే మన క్లబ్బుని దొంగ క్లబ్బు అంటారని..." అని ముక్కు ఎగబీల్చింది.

తోక ముందుంటుందని అనుకున్న పిల్ల చేతిలోని కార్డుని ఆయన బొటనవేలితో తుడిచి, తొమ్మిదిని మళ్ళీ చదివాడు.

కబురందుకుని వదిన వచ్చేసరికి మోకాళ్ళ దాకా బురద, ఒక కాలికి బూటు లేదు. కొడుతుందనుకుని పిల్ల వెనక్కి జరిగింది. వదిన కొట్టలేదు. దగ్గరికి లాక్కుని, గుండె మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది. పిల్లికూత ఒక్కటీ లేదు. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది, పొద్దుటి నుంచీ బిగపట్టినట్టు.

బాబాయి ఆ ఎగ్గొట్టిన చుట్టు సంగతి చెప్పాడు. వదిన కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నా ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళావు?"

"రెండు."

"మొదటిసారి చెయ్యి ఎటు చూపించాను?"

"కాలవ వైపు."

"రెండోసారి?"

"గుట్ట వైపు. 'జాగ్రత్త తల్లీ, అక్కడ జారుతుంది' అన్నావు."

వదిన చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. అన్నది. గుర్తుంది. ముందు గుంపులో ఎవరో పిల్ల, ముఖం నిండా బురద, పాపం ఎవరి బిడ్డో అనుకుని అన్నది.

"మరి రెండు చుట్లూ తిరిగినట్టేగా!" అన్నాడు బాబాయి. "కాలవ చుట్టి వస్తే తప్ప గేటు దగ్గరికి రెండోసారి ఎలా వస్తావే పిచ్చిమొహమా?"

పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. బురద కింద ముఖం మెల్లగా మారింది.

"మరి అప్పుడే అమ్మా అని పిలవచ్చుగా?" అంది వదిన.

"నువ్వు నావైపు చూళ్ళేదు. నా తల మీద నుంచి వెనక్కి చూస్తున్నావు." పిల్ల గొంతులో కోపం లేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "నాకోసం చూస్తున్నావని తెలుసు."

బాబాయి నేల చూపులు చూశాడు. కాలవ వెతికారు, పొదలు వెతికారు. ముందొచ్చినవాళ్ళలో ఒక్కసారి చూద్దామన్న ఆలోచన ఇంత మందిలో ఒక్కరికీ రాలేదు. సిస్టర్ రొప్పుకుంటూ వచ్చి కార్డు చూసి, "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికామయ్యా!" అని నెత్తి కొట్టుకుంది. నాలుగో కార్డు దొరికిందన్న సంతోషంలో ఆ కార్డుని ముద్దు కూడా పెట్టుకుంది, బురదతో సహా.

"నువ్వు ముందుంటావని అనుకోలేదే" అంది వదిన చివరికి.

"నేనూ అనుకోలేదు" అంది పిల్ల.

దాంతో నవ్వొచ్చింది వదినకి. ఏడుపూ నవ్వూ కలిసి వస్తే మనిషి అందంగా ఉండదు, కానీ ఆ పూట అందం ఎవరికి కావాలి? జాకెట్టు అంచుతో కూతురి ముఖం తుడుస్తూ, నుదురు, ముక్కు, బుగ్గలు ఒక్కొక్కటే బయటపడుతుంటే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"పై ఆదివారం ఇంకో పోటీ ఉంది. పంపిస్తారా అక్కా?" అని సిస్టర్ మెల్లగా అడిగింది.

వదిన చేతిలో ఉన్న ఇన్‌హేలర్‌ని కూతురి నిక్కరు జేబులో పెట్టి, జిప్పు లాగింది.

"పంపిస్తాను" అంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మరి నేను? వెనక ఉండాలా, అక్కర్లేదా?" సరదాగా అడుగుదామనుకున్నాడు గానీ, ఉద్యోగం పోయినవాడి గొంతు వచ్చింది.

పిల్ల వ్యానులోంచి దిగి, బురద చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండు బాబాయ్. నా వెనక కాదు, చివర వచ్చేవాళ్ళ వెనక."

గుట్ట మీద డొక్క పట్టుకుని పరిగెత్తిన పిల్ల అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. దారి పొడుగునా ఆ పిల్లకి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎలా ఉందో కనుక్కొస్తానని చెప్పి, ఆ పిల్ల క్లబ్బు బస్సు వైపు నడిచాడు.